ఎలిజిబిలిటీ అనే అంకె వెనక కథ

"నీకెంత ఎలిజిబిలిటీ వచ్చింది?" మన ఐటీ వాళ్ళ మధ్య ఈ ప్రశ్న ఎంత మామూలైపోయిందంటే, ఎంసెట్‌లో ర్యాంకెంత అని అడిగినట్టే అడుగుతున్నారు. చెప్పేవాళ్ళు కూడా ర్యాంకు చెప్పినట్టే చెప్తారు. ఇక్కడివాళ్ళు "ఎనభై లక్షల దాకా ఇస్తానన్నాడు" అంటే, అమెరికాలో ఉన్నవాళ్ళు "సిక్స్ హండ్రెడ్ థౌజండ్‌కి ప్రీ-అప్రూవల్ వచ్చింది" అంటారు. ఇక ఆ అంకె చేతికొచ్చిన రోజు నుంచీ దానికి సరిగ్గా సరిపోయే ఇల్లు వెతకటం మొదలవుతుంది. అంతకంటే తక్కువలో కొనేవాణ్ణి చూస్తే, "అంత ఎలిజిబిలిటీ పెట్టుకుని ఇదేంట్రా" అని జాలిపడటం కూడా ఉంది!

పాత కోడ్‌లో ఎక్కడో 0.43 అనో 0.30 అనో ఒక అంకె కనిపిస్తే మనం ఏం చేస్తాం? దీన్ని ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఏ అవసరానికి పెట్టారు అని వెనక్కి వెళ్ళి తవ్వుతాం. జీవితంలో చేసే అతి పెద్ద అప్పుని నిర్ణయించే అంకెల్ని మాత్రం అలా తవ్వం. నాకు ఈ మధ్య ఆ దురద పుట్టింది. తవ్వితే బయటపడ్డ కథలో ఎక్కువ భాగం అమెరికాలోనే జరిగింది కాబట్టి ముందు అక్కడికే వెళ్దాం. మన దగ్గరికి చివర్లో వద్దాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇల్లు కొనేటప్పుడు రెండు ప్రశ్నలుంటాయి. అప్పిచ్చేవాడి ప్రశ్న: "వీడు కట్టకపోతే నా డబ్బు నాకొస్తుందా?" కొనేవాడి ప్రశ్న: "ఇది కడుతూ నేను బతగ్గలనా?" ఎలిజిబిలిటీ అనేది మొదటి ప్రశ్నకి జవాబు. మనం దాన్ని తీసుకెళ్ళి రెండో ప్రశ్నకి జవాబుగా వాడేస్తున్నాం. గొడవంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

చీటీపాటతో మొదలు

1831లో ఫిలడెల్ఫియా పక్కన ఫ్రాంక్‌ఫర్డ్ అనే ఊళ్ళో కొంతమంది కలిసి ఆక్స్‌ఫర్డ్ ప్రావిడెంట్ బిల్డింగ్ అసోసియేషన్ అని ఒకటి పెట్టుకున్నారు. అమెరికాలో ఇలాంటి వాటిలో మొదటిది ఇదే అంటారు. పద్ధతి వింటే మనకి కొత్తగా ఏమీ అనిపించదు. సభ్యులు నెలనెలా కొంత కట్టాలి. పోగైన డబ్బుకి పాట పెడతారు. ఎక్కువ పాడినవాడికి ముందు ఇల్లు. అందరికీ ఇళ్ళు వచ్చాక దుకాణం మూసేస్తారు. అచ్చంగా మన చీటీపాట అన్నమాట! మొదటి లోను 375 డాలర్లు, తీసుకున్నాయన ఊళ్ళో వీధి దీపాలు వెలిగించే ఉద్యోగి.

అక్కడ అర్హత ఏమిటంటే, పక్కింటివాళ్ళు నిన్ను నమ్మాలి. అంతే. స్కోర్లూ పేస్లిప్పులూ ఏమీ లేవు. ఊరు చిన్నదైతే ఇది బాగానే నడుస్తుంది. కానీ ఆ నమ్మకం ఊరి పొలిమేర దాటదు. ఇంకోలా చెప్పాలంటే ఇది స్కేలవదు.

సగం డబ్బు ముందు పెట్టు

ఇక 1920ల సంగతి చూద్దాం. అప్పుడు బ్యాంకులూ బీమా కంపెనీలూ ఇంటి విలువలో సగం వరకే అప్పిచ్చేవి. గడువు మూడేళ్ళో అయిదేళ్ళో. ఆ కాలమంతా చాలామంది వడ్డీ మాత్రమే కట్టేవాళ్ళు, గడువు తీరగానే అసలంతా ఒక్కసారి కట్టాలి. ఎవరి దగ్గరా అంత ఉండదు కాబట్టి మళ్ళీ కొత్త పత్రం రాసుకునేవాళ్ళు. మన ఊళ్ళలో నోటు తిరగరాయటం తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

బ్యాంకు తిరగరాస్తున్నంత కాలం అంతా సవ్యంగానే ఉంది. 1929 తర్వాత బ్యాంకులకే డబ్బు లేకుండా పోయింది. తిరగరాయం, అసలు కట్టు అన్నారు. అంతకుముందు రోజు దాకా అన్ని విధాలా అర్హుడైన మనిషి, తన తప్పేమీ లేకుండానే ఒక్క రాత్రిలో ఎగవేతదారుడైపోయాడు. 1933 వచ్చేసరికి దేశంలో రోజుకి సుమారు 1,000 ఇళ్ళు జప్తుకి వెళ్ళేవి.

రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ పెట్టింది. జప్తుకి దగ్గరపడ్డ అప్పుల్ని అది కొనేసి, 15 ఏళ్ళ గడువు, 5 శాతం వడ్డీ, అసలూ వడ్డీ కలిపి నెలనెలా కట్టుకునే లెక్కన మార్చి ఇచ్చింది. మనం ఈఎంఐ అని పిలుచుకునేది పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చింది ఇక్కడినుంచే. 1936 వరకు సుమారు పది లక్షల ఇళ్ళకి ఇలా చేసారు. గమ్మత్తేమిటంటే ఇక్కడ అర్హత తలకిందులు. కష్టాల్లో ఉంటేనే లోను! వాటిలో దాదాపు రెండు లక్షల ఇళ్ళు చివరికి జప్తయ్యాయి. అయినా 1951లో లెక్కలు ముగించేసరికి ఆ సంస్థ కాస్త లాభంతోనే బయటపడింది. గడువు పెంచి, కంతులు సమానం చేస్తే చాలామంది కట్టగలరని దీనివల్ల తేలింది.

రూల్‌బుక్కు పుట్టిన రోజు

మనకి తెలిసిన ఎలిజిబిలిటీ 1934లో పుట్టింది. ఆ ఏడాది ఎఫ్‌హెచ్ఏ, అంటే ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, వచ్చింది. ఇది అప్పు ఇవ్వదు. బ్యాంకు ఇచ్చిన అప్పుకి హామీ ఉంటుంది. హామీ ఉండాలంటే నేను చెప్పిన రూల్స్ ప్రకారం ఇవ్వాలి అంటుంది. ఇంటి విలువలో 80 శాతం దాకా, 20 ఏళ్ళ దాకా, మొత్తం 16,000 డాలర్లు మించకుండా. 1938లో చిన్న ఇళ్ళకి దీన్ని 90 శాతానికీ 25 ఏళ్ళకీ పెంచారు. సగం డబ్బు చేతిలో ఉంటే తప్ప కొనలేని ఇల్లు, పదో వంతు ఉంటే కొనుక్కోగలిగేదయ్యింది. కొన్నేళ్ళలో వచ్చిన మార్పుగా చూస్తే ఇది మామూలు విషయం కాదు.

కానీ ఆ రూల్‌బుక్కులో ఇంకో పేజీ ఉంది. అప్పు అడిగిన మనిషినీ, ఇంటినీ చూస్తే సరిపోదు, ఆ పేటలో ఎవరుంటారో కూడా చూడమని ఎఫ్‌హెచ్ఏ అధికారికంగా రాసిపెట్టింది. నల్లవాళ్ళు ఉన్న పేట అంటే రిస్కు అంది. ఆ ఇళ్ళు వేరే జాతివాళ్ళకి అమ్మకూడదనే షరతులు దస్తావేజుల్లో పెట్టుకోవడాన్ని మెచ్చుకుంది. అదే కాలంలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ 200 పైచిలుకు నగరాలకి రంగుల పటాలు వేయించింది. ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు. ఎరుపంటే ప్రమాదం. రెడ్‌లైనింగ్ అన్న మాటకి మనం చూపించే బొమ్మ ఈ పటాలదే. నిజానికి ఆ పటాల్ని లోన్లివ్వడంలో నేరుగా ఎంత వాడారన్నదాని మీద చరిత్రకారుల్లో వాదన ఉంది. ఎఫ్‌హెచ్ఏ సొంత రూల్స్‌లో వివక్ష ఉందన్నదాని మీద మాత్రం ఏ వాదనా లేదు.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి 1944 నాటి జీఐ బిల్లు డౌన్ పేమెంటే లేకుండా ఇల్లు కొనుక్కునే హామీ ఇచ్చింది. చట్టంలో జాతి మాట ఎక్కడా లేదు. అమలు మాత్రం స్థానిక బ్యాంకుల చేతిలో ఉంది. 1947లో మిసిసిపీలోని 13 ఊళ్ళలో జీఐ బిల్లు కింద ఇళ్ళకీ, వ్యాపారాలకీ, పొలాలకీ హామీ ఇచ్చిన అప్పులు 3,229. వాటిలో నల్లజాతి సైనికులకి దక్కినవి రెండంటే రెండు.

నాకు దీనిలో భయం కలిగించేది ఏమిటంటే, ఆ బ్యాంకు గుమాస్తాలందరూ తాము పక్షపాతం చూపిస్తున్నామని అనుకుని ఉండరు. రూల్‌బుక్కు ప్రకారం స్కోరు వేసాం అనుకుని ఉంటారు. పక్షపాతం ఫార్ములాలోకి ఎక్కేస్తే ఇక అది లెక్కలాగే కనిపిస్తుంది.

భార్య జీతం లెక్కలోకి రాదు

మన కాలనీల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. జాయింట్ లోన్ అంటే ఇద్దరి జీతాలూ కలుపుతారు, అందులో ఆశ్చర్యమేముంది అనుకుంటాం. 1970ల మొదట్లో అమెరికాలో అలా కాదు. భార్య పిల్లల్ని కనే వయసులో ఉంటే చాలాచోట్ల ఆమె జీతంలో సగమే లెక్కేసేవాళ్ళు, లేదా అసలు లెక్కేసేవాళ్ళే కాదు. రేపు పిల్లలు పుడితే మానేస్తుంది కదా అని! కుటుంబ నియంత్రణ పాటిస్తున్నట్టు డాక్టరు దగ్గర ఉత్తరం తెమ్మన్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఈ దారుణాలు బయటికొచ్చాక 1974లో ఈక్వల్ క్రెడిట్ ఆపర్చునిటీ యాక్ట్ వచ్చింది. స్త్రీ అనో, పెళ్ళయిందనో, కాలేదనో అప్పు నిరాకరించకూడదంది. 1976లో జాతి, మతం, పుట్టిన దేశం వంటివి చేర్చారు. ఇళ్ళ అమ్మకాల్లోనూ ఇంటి అప్పుల్లోనూ జాతి వివక్షని 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్టే నిషేధించింది.

ఇది న్యాయమైన మార్పు, ఇంకా ముందే రావలసింది. అయితే దీనికి ఇంకో కొస కూడా ఉంది. ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా వారెన్ త్యాగి కలిసి 2003లో "ది టూ ఇన్‌కమ్ ట్రాప్" అని ఒక పుస్తకం రాసారు. వాళ్ళ వాదన ఇదీ: రెండు జీతాల కుటుంబాలన్నీ మంచి బడులున్న పేటల్లో ఇళ్ళ కోసం ఒకళ్ళ మీద ఒకళ్ళు పాడుకుంటే, రెండో జీతం కాస్తా ఇంటి ధరలోకి వెళ్ళిపోతుంది. వెనకటికి ఒక జీతం పోతే రెండోవాళ్ళు పనిలోకి వెళ్ళే వీలుండేది. ఇప్పుడు ఇద్దరి జీతాలూ ముందే తాకట్టులో ఉన్నాయి. కొత్తగా పనిలోకి వెళ్ళటానికి ఇంట్లో మూడోవాళ్ళు లేరు. గచ్చిబౌలి నుంచి బే ఏరియా దాకా మనవాళ్ళ పరిస్థితి ఇంతకంటే భిన్నంగా ఉందంటారా?

30 శాతం ఎక్కడిది?

"ఇంటికి జీతంలో 30 శాతం మించకూడదు." ఎవర్నడిగినా ఈ మాట చెప్తారు. ఇది ఏదో ఆర్థికశాస్త్ర సూత్రం అనుకుంటాం. 1969లో ఎడ్వర్డ్ బ్రూక్ అనే సెనేటర్ ప్రభుత్వ ఇళ్ళలో అద్దెకుండే పేదవాళ్ళ కోసం ఒక సవరణ తెచ్చారు. అద్దె వాళ్ళ ఆదాయంలో 25 శాతం దాటకూడదని. 1981లో రీగన్ కాలంలో ఖర్చు తగ్గించుకోటానికి దాన్ని 30 చేసారు. అంతే, అదే అందరి నోళ్ళలో నానుతున్న 30! పేద కిరాయిదారుకి రక్షణగా పెట్టిన గీత, బడ్జెట్టు కోసం జరిపిన గీత, చివరికి లక్షల జీతగాళ్ళకి కూడా వేదవాక్యమైపోయింది. ఇంటి లోన్లలో వాడే 28, 36 శాతాలు కూడా ఇలాంటి గీతలే. ఇంటి ఖర్చు 28 దాటకూడదు, అప్పులన్నీ కలిపి 36 దాటకూడదు అని.

నెలకి 3,000 డాలర్లు వచ్చేవాడికి 30 శాతం పోతే మిగిలేది 2,100. 15,000 వచ్చేవాడికి మిగిలేది 10,500. ఒకే శాతం, రెండు వేరే బతుకులు. పైగా ఈ శాతాలకి డే-కేర్ ఖర్చు తెలీదు. ఊళ్ళో అమ్మానాన్నలకి పంపే డబ్బు తెలీదు. చెల్లెలి పెళ్ళి తెలీదు. మన బతుకులో తప్పనిసరి అనుకునే వాటిలో సగం ఆ ఫార్ములాలో వేరియబుల్స్‌గా కూడా లేవు.

మనవాళ్ళే రాసిన కోడు

1995లో ఫ్యానీ మే డెస్క్‌టాప్ అండర్‌రైటర్ అనీ, ఫ్రెడ్డీ మాక్ లోన్ ప్రాస్పెక్టర్ అనీ రెండు సాఫ్ట్‌వేర్లు తెచ్చాయి. అదే ఏడాది ఫైకో స్కోరు చూడమని లోన్లిచ్చేవాళ్ళకి చెప్పాయి. వారాల పని నిమిషాల్లోకి వచ్చింది. మొహం చూసి కాదనే గుమాస్తా పాత్ర తగ్గింది. మంచిదే.

కానీ సాఫ్ట్‌వేరు ఇచ్చిన ఇన్‌పుట్ నమ్ముతుంది కదా. 2000లలో ఆదాయానికి కాగితాలక్కర్లేదు, నోటితో చెప్తే చాలు అనే లోన్లు పుట్టుకొచ్చాయి. ఇచ్చినవాడు ఆ అప్పుని తన దగ్గర ఉంచుకోడు, కట్టలు కట్టి ఇంకొకడికి అమ్మేస్తాడు. ఇక వీడు కడతాడా లేదా అన్న ప్రశ్న అడగాల్సిన అవసరం ఎవరికుంది? నేను మొదట్లో చెప్పిన రెండు ప్రశ్నల్లో మొదటిది కూడా మాయమైపోయిన కాలం అది. 2008 సెప్టెంబర్ 7న ఫ్యానీ, ఫ్రెడ్డీలని ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకుంది. ఇంకో వారానికి లేమన్ కూలింది.

ఆ తర్వాత 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టం వచ్చింది. అప్పిచ్చేముందు తిరిగి కట్టే శక్తి ఉందో లేదో చూసి తీరాలన్న రూలు 2014 జనవరి నుంచి అమలయ్యింది. అందులోదే ఆ 43 శాతం. దాన్ని కూడా తర్వాత మార్చేసారు, 2021లో తెచ్చిన రూలు ప్రకారం శాతం బదులు లోను వడ్డీ రేటు ఎంతుందో చూస్తారు. శిలాశాసనం అనుకున్న అంకె పదేళ్ళు కూడా నిలవలేదు.

మీరు మారకుండానే మీ అంకె మారుతుంది

నెలకి 2,000 డాలర్లు కట్టగల మనిషికి 30 ఏళ్ళ గడువు మీద 3 శాతం వడ్డీలో సుమారు 4,74,000 డాలర్ల లోనొస్తుంది. అదే 7 శాతంలో సుమారు 3,00,600. మనిషి అదే, ఉద్యోగం అదే. అమెరికాలో 30 ఏళ్ళ లోను సగటు రేటు 1981 అక్టోబర్‌లో 18 శాతం దాటింది. 2021 జనవరిలో 2.65కి దిగింది. 2023 అక్టోబర్‌లో 7.79కి ఎక్కింది. మూడేళ్ళు కూడా తిరక్కుండానే "ఎలిజిబుల్" అన్న మాటకి అర్థం ఇంత మారింది.

ఫ్యానీ, ఫ్రెడ్డీలు కొనే లోన్లకి ఉన్న పరిమితి కూడా చూడండి. చాలా ప్రాంతాల్లో 2006లో 4,17,000 డాలర్లు, 2025లో 8,06,500. ఈ పరిమితిని ఏటా పెంచేది ఇళ్ళ ధరల్ని బట్టి. జీతాల్ని బట్టి కాదు. అంటే పరిమితి పెరిగిందంటే మన స్తోమత పెరిగినట్టు కాదు, ఇళ్ళు ప్రియమైనట్టు.

ఇంకోటి మనవాళ్ళకి నేరుగా తగిలింది. పర్మనెంట్ రెసిడెంట్లు కానివాళ్ళు, అంటే హెచ్-1బీ వాళ్ళు కూడా, ఎఫ్‌హెచ్ఏ లోన్లకి అర్హులుగా ఉండేవాళ్ళు. 2025 మే 25 నుంచి కాకుండా పోయారు. మిగతా రకాల లోన్లకి దారి ఉంది, నిజమే. కానీ మే 24న ఉన్న జీతమే 25న కూడా ఉంది, స్కోరూ అదే. మారింది వాషింగ్టన్‌లో ఒక కాగితం మాత్రమే.

మన దగ్గర

హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఇళ్ళ నంబర్ల ముందు ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఇప్పటికీ ఉంటాయి. తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం, ఎక్కువ ఆదాయం. హౌసింగ్ బోర్డు వాళ్ళ అర్హత పట్టిక కాస్తా అడ్రసుగా మిగిలిపోయిందన్నమాట. ఇప్పుడు ఆ ఎల్ఐజీ ఇళ్ళు ఏ ధర పలుకుతున్నాయో చూస్తే, ఆ మాటకి అర్థమే పోయిందని తెలుస్తుంది.

1977లో హెచ్‌టీ పారేఖ్ హెచ్‌డీఎఫ్‌సీ పెట్టేదాకా మన మధ్యతరగతికి ఇంటి అప్పు అంటే ఆఫీసులో ఇచ్చే అప్పో, పీఎఫ్‌లోంచి తీసిందో, బంధువుల దగ్గర చేబదులో. "ఇల్లు కట్టి చూడు" అన్నారే గానీ ఎంతలో కట్టాలో పెద్దలు చెప్పలేదు, ఎందుకంటే చేతిలో ఉన్నంతలోనే కట్టేవాళ్ళు. ఇప్పుడు గీతలు రిజర్వు బ్యాంకు గీస్తుంది. 2015 నాటి రూలు ప్రకారం 30 లక్షల దాకా లోనైతే విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80, ఆ పైన 75. ఇవి బ్యాంకు మునగకుండా పెట్టినవి. పైగా రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా ఆ విలువలో కలపరు, అది మన చేతిలోంచే పెట్టుకోవాలి.

మన దగ్గర ఎలిజిబిలిటీ పెంచే సులువైన మార్గం గడువు పెంచటం. లెక్క వేసి చూద్దాం. నెలకి 45,000 ఈఎంఐ, 9 శాతం వడ్డీ. 20 ఏళ్ళకి సుమారు 50 లక్షలు వస్తుంది. 30 ఏళ్ళు చేస్తే సుమారు 55.9 లక్షలు. అంటే అదనంగా దొరికింది 5.9 లక్షలు. దానికోసం అదనంగా కట్టేది పదేళ్ళ ఈఎంఐలు, 54 లక్షలు! "సార్, మీ ఎలిజిబిలిటీ పెంచాం" అని సంతోషంగా ఫోన్ చేసేది దీని గురించే.

ఇంకో తేడా కూడా ఉంది. అమెరికాలో 30 ఏళ్ళు ఒకే వడ్డీ ఉండటం వెనక ఎఫ్‌హెచ్ఏ, ఫ్యానీ మే లాంటి వాటి తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది. మన లోన్లు చాలావరకు ఫ్లోటింగ్. రేటు పెరిగితే ఈఎంఐ పెరగాలి, లేదా గడువు సాగాలి. బ్యాంకులు చెప్పాపెట్టకుండా గడువు సాగదీస్తుంటే, ఏది కావాలో అప్పు తీసుకున్నవాణ్ణే అడగండని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పాల్సి వచ్చింది.

మరి మన లెక్క?

బ్యాంకు లెక్క తప్పని నేననను. వాడి ప్రశ్నకి అది సరైన జవాబే. మన ప్రశ్నకి జవాబు మనమే రాసుకోవాలి. నేనైతే మూడు చూస్తాను. ఇద్దరిలో ఒక్కరి జీతంతో ఈఎంఐ నడుస్తుందా? ఉద్యోగం పోతే ఎన్ని నెలలు ఆగగలం? వడ్డీ రెండు శాతం పెరిగితే ఏమవుతుంది? 2001, 2008, 2023 చూసిన పరిశ్రమ మనది, ఇవి ఊహాజనితమైన ప్రశ్నలు కావు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకైతే ఉద్యోగం పోయాక ఇంకో దారి చూసుకోటానికి మహా అయితే 60 రోజులు. 30 ఏళ్ళ అప్పు, 60 రోజుల గడువు. ఏ అండర్‌రైటింగ్ సాఫ్ట్‌వేరూ ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి మీకు చూపించదు.

ఈ రూల్స్ చరిత్ర చదివాక నాకు అర్థమైంది ఇదీ: కాలాన్ని బట్టి అర్హులు మారారు, అనర్హులు మారారు, శాతాలు మారాయి. ఎప్పుడూ మారనిది ఒక్కటే. ఆ గీతలు గీసిన బల్ల దగ్గర అప్పు తీసుకునేవాడు ఎప్పుడూ కూర్చోలేదు. అందుకని వాళ్ళిచ్చిన అంకె కింద మన గీత ఇంకోటి గీసుకోవటమే మనం చెయ్యగలిగింది. అది ఎంత కిందకి ఉండాలన్నది ఎవరిల్లు వాళ్ళది. మీరెక్కడ గీసుకుంటారు?